రివాల్వర్ పాటలకి గురువెవరు?

మన దేశంలో బీటిల్స్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది. "వాళ్ళు మామూలు పాప్ పాటగాళ్ళండీ, ఋషీకేశ్ వచ్చి మహర్షి దగ్గర ధ్యానం నేర్చుకున్నాకే వాళ్ళ సంగీతానికి లోతొచ్చింది" అని. యోగా క్లాసుల కరపత్రాల్లో, ఆదివారం అనుబంధాల్లో, ఇప్పుడైతే వాట్సాపుల్లో ఇది చూస్తూనే ఉన్నాం. చెప్పేవారి గొంతులో కాస్త గర్వం కూడా ధ్వనిస్తుంది, తెల్లవాళ్ళకి సంగీతం మనమే నేర్పినట్టు. ఇలాంటి మాట వినగానే హేతువాది చెయ్యాల్సిన మొదటి పని తేదీలు చూడటం. ఫలానా బాబా విభూతితో జ్వరం తగ్గిందని ఎవరైనా అంటే, విభూతి ఎప్పుడు పెట్టారు, జ్వరం ఎప్పుడు తగ్గింది అని అడుగుతాం కదా. ఇదీ అంతే.

బీటిల్స్ మహేశ్ యోగి ఉపన్యాసం మొదటిసారి విన్నది 1967 ఆగస్టు 24న, లండన్‌లో ఒక హోటల్లో. ఋషీకేశ్ వచ్చింది 1968 ఫిబ్రవరిలో. వాళ్ళ సంగీతం మలుపు తిరిగిందని అందరూ ఒప్పుకునే ఆల్బమ్‌లు మూడు. రబ్బర్ సోల్ వచ్చింది 1965 డిసెంబరులో. రివాల్వర్ 1966 ఆగస్టు 5న. సార్జెంట్ పెప్పర్ 1967 జూన్ మొదటికల్లా దుకాణాల్లో ఉంది. అంటే మహర్షి ముఖం చూసేటప్పటికే ఆ మూడూ అయిపోయాయి. ఫలితం ముందు వచ్చి కారణం తర్వాత వచ్చిందంటే నమ్మడానికి జ్యోతిష్కులు ఒప్పుకుంటారేమో గానీ మనం ఒప్పుకోలేం.

ఈ మూడింట్లో నేను మాట్లాడదల్చుకున్నది మధ్యదాని గురించి, రివాల్వర్ గురించి. సార్జెంట్ పెప్పర్‌కి వచ్చినంత పేరు దీనికి అప్పట్లో రాలేదు కానీ, ఎదుగుదల అనే మాటకి అసలైన ఉదాహరణ ఇదేనని నా అభిప్రాయం. వినని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. బ్రిటన్‌లో విడుదలైన రికార్డులో పద్నాలుగు పాటలు, మొత్తం కలిపి ముప్పై అయిదు నిమిషాలు. మొదటి పాట ఆదాయపు పన్ను మీద ఫిర్యాదు. ప్రధానమంత్రి విల్సన్‌నీ ప్రతిపక్ష నాయకుడు హీత్‌నీ ఇద్దరినీ పేరుపెట్టి అన్నారు అందులో. రెండోది ఎలినార్ రిగ్బీ. ఒంటరిగా బతికి ఒంటరిగా పోయిన ఒక ఆడమనిషి, ఎవరూ వినని ప్రసంగం రాసుకునే ఒక పాస్టరు, ఈ ఇద్దరి కథ. పరలోకం పేరు చెప్పి ఓదార్చే పని పెట్టుకోలేదు ఆ పాట. మూడేళ్ళ క్రితం వరకూ అమ్మాయి చెయ్యి పట్టుకోవాలని ఉందంటూ పాడినవాళ్ళు రాసిన పాట అది. ఈ పాటలో బీటిల్స్ ఒక్క వాయిద్యం కూడా ముట్టుకోలేదు. నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు, అంతే.

ఇక భారతదేశం సంగతి. మహర్షికి ముందే భారతదేశం వాళ్ళ పాటల్లోకి వచ్చింది, అది నిజం. అది ఎలా వచ్చిందో చూస్తే మాత్రం ఆధ్యాత్మికత కథ ఇంకా పల్చబడుతుంది. 1965 వసంతంలో హెల్ప్ సినిమా తీస్తున్నప్పుడు ఒక రెస్టారెంటు సన్నివేశంలో వాయించడానికి భారతీయ సంగీతకారుల్ని పిలిచారు. జార్జ్ హారిసన్ సితార్‌ని దగ్గరగా చూసింది అక్కడ. తర్వాత లండన్‌లో మన హస్తకళల వస్తువులమ్మే ఒక కొట్లో చవకరకం సితార్ ఒకటి కొని, ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే రబ్బర్ సోల్‌లో ఒక పాటకి వాయించాడు. రివాల్వర్‌కి వచ్చేసరికి పని ముదిరింది. లవ్ యూ టూ అనే పాటని పూర్తిగా హిందుస్తానీ పద్ధతికి దగ్గరగా కట్టాడు. ముందు ఆలాపన లాంటి నెమ్మది భాగం, తర్వాత తబలా, చివరకి జోరు. ఆ తబలా వాయించినాయన అనిల్ భగవత్. ఆయన్ని పంపింది లండన్‌లో ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ అనే సంస్థ. కర్ణాటక నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ అయన అంగడి, ఆయన భార్య పట్రీషియా కలిసి 1946లో పెట్టిన సంస్థ అది. ఈ పాట రికార్డయింది 1966 ఏప్రిల్‌లో. హారిసన్ రవిశంకర్‌ని కలిసింది జూన్‌లో. నలుగురూ మొదటిసారి ఢిల్లీలో దిగింది జూలైలో, మనీలా నుంచి తిరిగి వెళ్తూ. అప్పటికి ఆల్బమ్ పని పూర్తయిపోయింది. సెప్టెంబరులో హారిసన్ బొంబాయి వచ్చి రవిశంకర్ దగ్గర కూర్చుని సితార్ సాధన చేశాడు.

ఇందులో మనం గర్వపడాల్సింది ఏమైనా ఉంటే ఉంది. ఒక సంగీత సంప్రదాయం ఉంది, దాన్ని ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళున్నారు, రికార్డులున్నాయి, పరాయి దేశంలో దాన్ని పరిచయం చేసేందుకు ఇల్లు తెరిచిపెట్టిన దంపతులున్నారు. ఇదంతా మనుషులు మనుషులకి నేర్పే విద్య. దీనికీ కళ్ళు మూసుకుని మంత్రం జపిస్తే ప్రతిభ వస్తుందన్న మాటకీ ఏమీ సంబంధం లేదు. అయినా మన పత్రికల్లో అనిల్ భగవత్ పేరు, అంగడి దంపతుల పేరు ఎంతమంది చూశారు? మహర్షి ఫోటో మాత్రం అందరికీ గుర్తే. (హారిసన్ తర్వాత కృష్ణభక్తుడయ్యాడు, చనిపోయేదాకా అలాగే ఉన్నాడు. అది ఆయన నమ్మకం. ఆయన సితార్ వేళ్ళ నొప్పితో నేర్చుకున్నాడనేది వేరే విషయం.)

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. పోయినేడాది మా పినతండ్రి కొడుకు ఇంట్లో ఒక సాయంత్రం ఇదే చర్చ వచ్చింది. వాళ్ళబ్బాయి ఇంజనీరింగ్ చదువుతూ గిటార్ వాయిస్తాడు, పాటలు కడతాడు. సొంత బ్యాండు ఉంది. తండ్రి వాణ్ణి ఒక ధ్యాన శిబిరంలో చేర్పించడానికి ఫీజు కట్టి వచ్చాడు, సృజన పెరుగుతుందని అక్కడ చెప్పారట. "అన్నయ్యా, బీటిల్స్ అంతటివాళ్ళే ఇక్కడికొచ్చి నేర్చుకున్నారు" అన్నాడు. అబ్బాయి నవ్వి, "పెదనాన్నా, నాన్నకి తెలీదు. ధ్యానం కాదు, ఎల్.ఎస్.డి. అది లేకపోతే రివాల్వర్ లేదు" అన్నాడు. హాస్టల్లో వాళ్ళ సీనియర్లు అదే చెబుతారట. తండ్రీకొడుకులు ఒకరినొకరు కాదంటున్నారు గానీ ఇద్దరూ చెప్పేది ఒక్కటే అనిపించింది నాకు. పాట బయట ఎక్కడో ఉంటుంది, ఏదో ఒక తలుపు తెరుచుకుంటే అది మనలోకి వచ్చి పడుతుంది అని. ఒకాయన తలుపు మంత్రం, ఇంకొకడి తలుపు మాత్ర. మంత్రం వల్ల పోయేది డబ్బూ సమయమూ. రెండోది అలా కాదు కాబట్టి అబ్బాయి వాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదనుకున్నాను.

దాంట్లో నిజం లేకపోలేదు. లెనన్, హారిసన్ ఇద్దరూ 1965లో ఎల్.ఎస్.డి. రుచి చూశారు. రివాల్వర్‌లో చివరి పాట టుమారో నెవర్ నోస్‌కి మాటలు తిమొతీ లియరీ, ఇద్దరు సహచరులతో కలిసి 1964లో రాసిన పుస్తకం నుంచి పుట్టాయి. టిబెట్ మరణ గ్రంథాన్ని ఆ మందు వాడేవారి కోసం మార్చి రాసిన పుస్తకం అది. ఇంకో పాట లాస్ ఏంజిలస్‌లో ఒక మందు పార్టీలో నటుడు పీటర్ ఫాండా పదే పదే చావు గురించి మాట్లాడి లెనన్‌ని విసిగించడం నుంచి వచ్చింది. కాబట్టి ఆ మందు వాళ్ళకి కొన్ని విషయాలు ఇచ్చింది. వింత శబ్దాల మీద లెనన్‌కి కోరిక పుట్టించిందన్నా కాదనను. కానీ కోరిక వేరు, దాన్ని టేపు మీదకి ఎక్కించడం వేరు. ఆ ఏళ్ళలో ఎల్.ఎస్.డి. తీసుకున్నవాళ్ళు ఇంగ్లండులో, అమెరికాలో వేలాదిగా ఉన్నారు. అందరూ వింతలు చూశారు. వాళ్ళందరికీ రివాల్వర్ రాలేదు కదా. మొక్కు తీర్చుకున్నవాడు పరీక్ష పాసైతే దేవుడి మహిమ అనీ, అదే గుళ్ళో మొక్కుకుని తప్పినవాళ్ళని లెక్కలోకి తీసుకోకపోవడం అనీ మనం రోజూ ఎత్తిచూపే తప్పే ఇది.

ఇంకా బలమైన సాక్ష్యం ఆ నలుగురిలోనే ఉంది. మందు విషయంలో అందరికన్నా వెనకాడి, అందరికన్నా చివర దిగినవాడు పాల్ మకార్ట్నీ. ఇది అందరూ ఒప్పుకున్నదే. ఎలినార్ రిగ్బీ ప్రధానంగా అతనిదే. ఫర్ నో వన్ అనే చిన్న పాట, దానిలో అలన్ సివిల్ వాయించిన ఫ్రెంచ్ హార్న్, అదీ అతనిదే. పన్ను పాటలో కరకరలాడే గిటార్ సోలో హారిసన్‌ది అనుకుంటారు చాలామంది, వాయించింది పాల్. అన్నింటికన్నా ముఖ్యం, మందు పాట అని పేరుపడ్డ ఆ టుమారో నెవర్ నోస్‌లో పక్షుల గోలలా వినబడే విచిత్ర శబ్దాలు తెచ్చింది కూడా అతనే. మిగతావాళ్ళు లండన్ బయట పెద్ద ఇళ్ళు కొనుక్కుని వెళ్ళిపోతే ఇతను నగరం నడిబొడ్డున, తన స్నేహితురాలి తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ నాటకాలకీ కచేరీలకీ తిరిగాడు. స్టాక్‌హౌజెన్ అనే జర్మన్ స్వరకర్త టేపులతో కట్టిన సంగీతం శ్రద్ధగా విన్నాడు. ఇంట్లో టేప్ రికార్డరులో చెరిపే తలని పనిచెయ్యకుండా చేసి, చిన్న టేపు ముక్కని వలయంగా అతికించి, దాని మీద మళ్ళీ మళ్ళీ శబ్దాలు ఎక్కిస్తూ ఆడుకున్నాడు. ఆ గోలలో మనకి సముద్రపు పక్షుల కూతలా వినబడేది అతని సొంత నవ్వే, వేగం పెంచి వాడినది.

ఆ పాట రికార్డింగు గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, నాకు ఇష్టమైన భాగం అది. 1966 ఏప్రిల్ 6న లండన్ ఆబీ రోడ్‌లోని ఇ.ఎమ్.ఐ. స్టూడియోలో రివాల్వర్ పని ఈ పాటతోనే మొదలైంది. అంటే ఆల్బమ్‌లో చివరి పాటే అన్నింటికన్నా ముందు చేసిన పాట. అప్పటివరకూ వాళ్ళ ఇంజనీరుగా ఉన్న నార్మన్ స్మిత్ నిర్మాతగా పైకెళ్ళాడు. ఆ కుర్చీలో కొత్తగా కూర్చున్నవాడు జెఫ్ ఎమరిక్, వయసు ఇరవై. లెనన్ వచ్చి తన గొంతు కొండ శిఖరం మీద నుంచి దలైలామా జపిస్తున్నట్టు వినబడాలన్నాడు. ఇది ఇంజనీరుకి చెప్పే భాషేనా? తనని తాడు కట్టి వేలాడదీసి మైకు చుట్టూ తిప్పితే ఎలా ఉంటుందని కూడా అడిగాడట. ఎమరిక్ చేసిందేమిటంటే, హామండ్ ఆర్గాన్‌కి వాడే లెస్లీ స్పీకరులోకి ఆ గొంతుని పంపాడు. ఆ పెట్టెలో శబ్దం బయటికొచ్చే కొమ్ము గిరగిరా తిరుగుతుంది. దాని ముందు మైకు పెట్టి మళ్ళీ రికార్డు చేశాడు. శిఖరం మీద లామా తయారయ్యాడు. హిమాలయాలు అక్కర్లేదు, ఒక చెక్కపెట్టె, ఒక మోటారు చాలాయి.

డ్రమ్ము సంగతీ అంతే. పెద్ద డ్రమ్ముకి మైకు రెండడుగులకన్నా దగ్గర పెట్టకూడదని ఆ సంస్థ నియమం, మైకు పాడవుతుందని. ఎమరిక్ నియమం పక్కన పెట్టి మైకు దగ్గరికి జరిపి, డ్రమ్ము లోపల ఒక ఉన్ని స్వెటర్ కుక్కాడు. శబ్దం పొడిగా, గుండె మీద కొట్టినట్టు వచ్చింది. మర్నాడు టేపు వలయాలు ఎక్కించారు. ఆ భవనంలో ఉన్న టేపు యంత్రాలన్నీ వేరే గదుల్లోవి కూడా కలిపి, ఒక్కొక్క యంత్రం ముందు ఒక ఉద్యోగిని నిలబెట్టారు, టేపు వలయం జారిపోకుండా పెన్సిలుతో పట్టుకునేందుకు. తెల్లకోట్లు వేసుకున్న ఆ టెక్నీషియన్లకి ఇదేం సంగీతమో అనిపించి ఉంటుంది. ఎన్నో వలయాలు చేస్తే చివరికి వాడింది ఐదు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఒక్కొక్క శబ్దాన్నీ పైకి లేపుతూ దించుతూ అప్పటికప్పుడు కలిపారు. మళ్ళీ అలాగే చెయ్యమంటే ఎవరూ చెయ్యలేరు. ఆ సమయానికి ఎదురుగా ఉన్నవి నాలుగే ట్రాకులు.

కెన్ టౌన్‌సెండ్ అనే ఇంకొకాయన ఉన్నాడు. అదే స్టూడియోలో సాంకేతిక ఉద్యోగి. ఒకే గొంతుని రెండుసార్లు పాడి కలిపితే బలంగా ఉంటుంది, కానీ రెండోసారి అచ్చం అలాగే పాడటం లెనన్‌కి విసుగు. అది చూసి టౌన్‌సెండ్ రెండో టేపు యంత్రాన్ని జతచేసి, దాని వేగాన్ని కొద్దిగా అటూ ఇటూ మారుస్తూ ఒక గొంతునే రెండు గొంతులుగా వినిపించే పద్ధతి కనిపెట్టాడు. రివాల్వర్ అంతటా ఇది వినబడుతుంది. తర్వాత ప్రపంచమంతా వాడుకుంది. నా దృష్టిలో ఆ ఆల్బమ్ మీద ఏ గురువు ప్రభావమైనా ఉందంటే అది ఈ టౌన్‌సెండ్, ఎమరిక్, జార్జ్ మార్టిన్‌ల ప్రభావం. మార్టిన్ గిల్డ్‌హాల్ సంగీత పాఠశాలలో చదివి, ఓబో వాయించి, బీటిల్స్‌కి ముందు పీటర్ సెల్లర్స్ లాంటి హాస్యనటులతో శబ్దాల తమాషాలు నిండిన రికార్డులు చేసినవాడు. టేపు వెనక్కి తిప్పడం, వేగం మార్చడం ఆయనకి అప్పటికే అలవాటైన పనులు. ఐయామ్ ఓన్లీ స్లీపింగ్ పాటలో గిటార్ వెనక్కి పోతున్నట్టు వినబడుతుంది కదా, దాని కోసం హారిసన్ స్వరాలన్నీ తలకిందులుగా సాధన చేసి ఒక రాత్రి చాలా పొద్దుపోయేదాకా వాయించాడు. మత్తులో ఉన్నవాడు చెయ్యగలిగే పనేనా అది?

మత్తులో పనెలా సాగుతుందో తెలుసుకునే అవకాశం కూడా చరిత్ర మనకిచ్చింది. 1967 మార్చి 21న, సార్జెంట్ పెప్పర్ పని జరుగుతుండగా, లెనన్ వేరే మాత్ర అనుకుని పొరపాటున ఎల్.ఎస్.డి. మింగాడు. ఒంట్లో బాగాలేదంటే సంగతి తెలియని మార్టిన్ గాలి కోసం మేడ మీదకి తీసుకెళ్ళాడు. పిట్టగోడ కూడా సరిగా లేని మేడ. మిగతా ఇద్దరూ పరుగున వెళ్ళి కిందికి తెచ్చారు. ఆ రాత్రి లెనన్ వల్ల ఇక పని జరగలేదు. అదే వసంతంలో అదే భవనంలో పింక్ ఫ్లాయిడ్ మొదటి ఆల్బమ్ చేస్తోంది. వాళ్ళ ముఖ్య రచయిత సిడ్ బారెట్, ఇరవై ఒక్క ఏళ్ళవాడు, ఆ మందు విపరీతంగా వాడాడు. ఏడాది తిరిగేసరికి కచేరీలో వాయించలేని స్థితికొచ్చి బృందం నుంచి బయటపడ్డాడు. అతని మానసిక స్థితికి మందొక్కటే కారణమని నేననను, అలా చెప్పడానికి ఆధారం చాలదు. మందు ప్రతిభని పెంచిందనడానికి మాత్రం అతని జీవితాన్ని ఎవరూ సాక్ష్యం తేలేరు. మావాడికి ఈ రెండు సంగతులూ చెప్పాను. సీనియర్లు మొదటిది చెప్పలేదన్నాడు.

అయితే 1966లోనే ఎందుకు అని అడగొచ్చు. దానికి జవాబు చాలావరకు గడియారంలో ఉంది. వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో పది పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో రికార్డు చేశారు. రబ్బర్ సోల్‌కి పట్టింది ఎనభై గంటల లోపు. రివాల్వర్‌కి రెండు వందల ఇరవై గంటల పైన, అదీ మిక్సింగ్ కలపకుండా. అన్ని గంటలు ఎవరిచ్చారు? అంతకుముందు అమ్ముడుపోయిన లక్షలాది రికార్డులు ఇచ్చాయి. ఇ.ఎమ్.ఐ. వాళ్ళని ప్రశ్నించే పరిస్థితిలో లేదు. ఇంకో సంగతి, ఆ ఏడాది మొదట్లో తియ్యాల్సిన మూడో సినిమా రద్దయింది. దాంతో మూడు నెలలు ఖాళీ దొరికింది. ఏళ్ళ తరబడి హోటల్ గది, విమానం, కచేరీ, మళ్ళీ హోటల్ గదిగా బతికినవాళ్ళు మొదటిసారి ఇళ్ళల్లో కూర్చుని పుస్తకాలు చదివారు, రికార్డులు విన్నారు. పక్కన పోటీ కూడా ఉంది. బాబ్ డిలన్ మాటల్లో ఏం చెయ్యొచ్చో చూపించాడు. మే నెలలో బీచ్ బాయ్స్ పెట్ సౌండ్స్ వచ్చింది. భారతీయ ధ్వని కూడా వీళ్ళ సొంత ఆవిష్కరణ కాదు, బొంబాయిలో ఆగినప్పుడు జాలర్ల పాట విని కింక్స్ బృందం రే డేవిస్ 1965లోనే అలాంటి పాట చేశాడు. వీటన్నింటి వెనుక హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల కొద్దీ వాయించిన రోజులున్నాయి. ఇవేవీ రహస్యాలు కావు. కానీ ఇలా చెబితే కథ రక్తికట్టదు కాబోలు.

కథ రక్తికట్టాలనుకునేవాళ్ళ మూడో రకం ఇంకా విచిత్రం. 1990లలో జాన్ కోల్మన్ అనే కుట్ర సిద్ధాంతాల రచయిత, బీటిల్స్ పాటలు రాసింది జర్మన్ తత్వవేత్త థియొడర్ అడోర్నో అని ప్రచారం చేశాడు. లివర్‌పూల్ కుర్రాళ్ళకి అంత తెలివి ఎక్కడిది, వెనక ఎవరో ఉండి రాయించారు అని. పాప్ సంగీతం మనిషి మెదడుని మొద్దుబారుస్తుందని జీవితాంతం రాసిన మనిషి అడోర్నో. అలాంటాయన పసుపు జలాంతర్గామి మీద పిల్లల పాట రాస్తుంటే ఊహించుకోండి. 1966 నవంబరులో పాల్ చచ్చిపోయాడు, తర్వాత కనిపించేవాడు పోలికలున్న ఇంకొకడు అన్న పుకారు 1969లో పుట్టింది, ఇప్పటికీ చావలేదు. పాల్ మాత్రం నిక్షేపంగా బతికి ఎనభై దాటాక కూడా కచేరీలు చేశాడు.

మన దగ్గరా ఇదే. త్యాగరాజుకి నారదుడు ప్రత్యక్షమై స్వరార్ణవం గ్రంథం ఇచ్చాడని చెప్పుకుంటాం. ఆయనకి సంగీతం చెప్పిన శొంఠి వేంకటరమణయ్య పేరు ఎంతమందికి తెలుసు?

రివాల్వర్‌కి మతంతో ఇంకో తగువు కూడా ఉంది, హేతువాదులు దాన్ని తెలుసుకోవాలి. 1966 మార్చి 4న లండన్ ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలో మొరీన్ క్లీవ్ లెనన్ మీద రాసిన వ్యాసం వచ్చింది. క్రైస్తవం క్షీణిస్తుందనీ, ఇప్పుడు తాము ఏసుకన్నా ఎక్కువ జనాదరణ ఉన్నవాళ్ళమనీ అతనన్న మాట అందులో ఉంది. బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. చర్చిలు ఖాళీ అవుతున్న సంగతి అక్కడి పాస్టర్లకే బాగా తెలుసు. అదే మాటని జూలై చివర్లో అమెరికాలో డేట్‌బుక్ అనే యువజన పత్రిక మళ్ళీ అచ్చువేసింది. అలబామాలో మొదలై దక్షిణాది రేడియో స్టేషన్లు బీటిల్స్ పాటల్ని నిషేధించాయి. రికార్డులు కుప్పపోసి తగలబెట్టారు. కు క్లక్స్ క్లాన్ బెదిరింపులకి దిగింది. దక్షిణాఫ్రికా రేడియో కూడా నిషేధించింది. సరిగ్గా అప్పుడే, ఆగస్టు 8న, రివాల్వర్ అమెరికాలో విడుదలైంది. 11న షికాగోలో విలేకరుల ముందు లెనన్ సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది. ఆ వీడియోలో పాతికేళ్ళ మనిషి ముఖం చూస్తే జాలేస్తుంది. 19న మెంఫిస్‌లో కచేరీ మధ్యలో ఎవరో టపాకాయ విసిరితే, తమలో ఎవరిని కాల్చారోనని నలుగురూ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. పది రోజుల తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో ఆఖరి కచేరీ చేసి ఊళ్ళు తిరగడం మానేశారు. ఆ పర్యటనలో కొత్త ఆల్బమ్ నుంచి ఒక్క పాట కూడా పాడలేదు. వేదిక మీద పాడటానికి వీలయ్యే పాటలు కావు చాలా వరకు.

ఒక చిన్న సంఘటన చెప్పకుండా ఉండలేను. టెక్సాస్‌లో లాంగ్‌వ్యూ అనే ఊరి రేడియో స్టేషన్ ఆగస్టు 13న పెద్ద భోగిమంట వేయించి రికార్డులు కాల్పించింది. మర్నాడు ఆ స్టేషన్ మీద పిడుగు పడి ప్రసారం ఆగిపోయింది. లెనన్ మీద పిడుగు పడి ఉంటే ఈపాటికి ఎన్ని ప్రసంగాలు విని ఉండేవాళ్ళమో. పొడుగాటి ఇనుప స్తంభం మీద పిడుగు పడటానికి మాత్రం దేవుడి కోపంతో పనిలేదు. రేపు మీరెవరైనా ఈ కథని మనవైపు మహిమగా చెబితే నేనే ఒప్పుకోను.

ఇంత చెప్పాక ఆల్బమ్‌లో అన్నీ ముత్యాలే అనుకోకండి. డాక్టర్ రాబర్ట్ నాకు ఎప్పుడూ ఆనలేదు, అది లేకపోయినా నష్టం లేదు. మాత్రలు సరఫరా చేసే డాక్టరు మీద పాట అది, మందు నుంచి నేరుగా పుట్టిన పాటే అందరికన్నా చప్పగా ఉండటం తమాషా. లవ్ యూ టూలో తబలా, సితార్ వినసొంపుగా ఉంటాయి గానీ పాట మాటలు వాటితో కలిసి నడవవు. పసుపు జలాంతర్గామి పాట పిల్లలకి. అయితే 2022లో మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ ఈ ఆల్బమ్‌ని కొత్తగా మిక్స్ చేసి, రికార్డింగు మధ్యలోని ప్రయత్నాల్ని కూడా విడుదల చేశాడు. అందులో ఆ పిల్లల పాట మొదట్లో లెనన్ ఒంటరిగా గిటార్‌తో పాడుకున్న ఏడుపు పాటలా ఉంటుంది. గాట్ టు గెట్ యూ ఇంటూ మై లైఫ్ తొలి ప్రయత్నాల్లో చివరి రూపంలో ఉండే బాకాలు లేవు, అసలు అదే పాటా అనిపిస్తుంది. చేసి, విని, బాగాలేదని పక్కన పడేసి, మళ్ళీ చేసిన గుర్తులు ఒక్కొక్కటిగా వినబడతాయి. నన్నడిగితే సృజన పెరగాలనుకునే కుర్రాళ్ళు శిబిరానికి కట్టే డబ్బుతో ఆ సెట్ కొనుక్కోవచ్చు, ఇంకా మిగులుతాయి కూడా.

ఋషీకేశ్‌లో ఏమీ జరగలేదని కూడా నేననను. అక్కడ ఫోన్లు లేవు, విలేకరులు లోపలికి రాలేరు, చేతిలో అకూస్టిక్ గిటార్లున్నాయి. వాళ్ళు చాలా పాటలు రాసుకున్నారు, అవి 1968 చివర్లో వచ్చిన తెల్ల ఆల్బమ్‌లో ఉన్నాయి. రింగో స్టార్‌కి తిండి పడక పది రోజులకే ఇంటికి వెళ్ళిపోయాడు. లెనన్ మహర్షి మీద విరక్తితో ఏప్రిల్‌లో బయల్దేరాడు, ఆయన మీద ఒక ఎత్తిపొడుపు పాట కట్టి, పేరు మాత్రం మార్చాడు. ఆ ఆశ్రమం నుంచి అతను పట్టుకెళ్ళిన కొత్త విద్య ఒకటుంది. వేళ్ళతో ఒక్కొక్క తీగనీ విడివిడిగా మీటే గిటార్ పద్ధతి అది. తెల్ల ఆల్బమ్‌లో డియర్ ప్రూడెన్స్, జూలియా పాటల్లో వినొచ్చు. అది నేర్పింది మహర్షి కాదు, అదే సమయంలో అక్కడ ఉన్న స్కాట్లండ్ గాయకుడు డొనొవన్. మిగతావాళ్ళు ధ్యానంలో ఉన్నారో లేదో గానీ, లెనన్ మాత్రం అతని పక్కన కూర్చుని వేళ్ళు ఎలా కదులుతున్నాయో చూసి చూసి పట్టుకున్నాడు.